మెమరీ కార్డుకెక్కిన ఏడుపు

పొద్దున్నే గిన్నె పట్టుకుని సుమిత్రమ్మ గడపలోకి వచ్చింది. పాలు పోస్తున్న దుబ్బయ్య జేబులో ఫోను మోగింది. ‘‘కొడుకా, ఏ తొవ్వల పోయినవ్‌రా...’’ అంటూ డప్పుల మోత నడుమ ఒక ఆడమనిషి శోకం. అయ్యో, ఆ గొంతు తనదే!

‘‘గిది నీకెట్లొచ్చింది దుబ్బయ్యా?’’

‘‘మీ దుకాణంలనే ఎక్కించుకున్న అక్కా. ఉద్యమం పాటలల్ల గిదే జోరు. ఎవరో తల్లి పాడిందట!’’

పాడిందట! మొన్నటి వానకాలంలో తెలంగాణ సభకు పోయి వస్తుంటే లారీ గుద్ది నర్సింహ చచ్చిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు. శవం మీద పడి, ఇక్కడి ఆడవాళ్లందరిలాగే మాటకు మాట వరుసకట్టి ఏడ్చింది సుమిత్రమ్మ. ఎవరో ఫోనులో పట్టుకున్నారు. అప్పుడు లేని డప్పులు కలిపితే అదీ పాటేనా?

పాలగిన్నె అక్కడే వదిలేసి, ఫోన్లలో పాటలు ఎక్కించే మొగుడి దుకాణానికి విసవిసా నడిచింది. దేవరాజు అప్పుడే షట్టరు ఎత్తి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

‘‘నా ఏడుపు అమ్ముకుంటున్నవా?’’

‘‘పైస తీసుకోలే సుమిత్రా. వచ్చినోళ్లకు ఊరికెనే ఏసిచ్చిన. కొడుకు అందరికి యాదుంటడని...’’

‘‘ఎవలకు యాదున్నడు? దుబ్బయ్యకు గది నా గొంతని గుడ ఎరుకలే! శవం మీది ఏడుపుకు డప్పు కలుపుతవా? నీకు చేతులెట్లొచ్చినయ్? తీసెయ్. అందరి ఫోన్లల్లకెల్లి తీసెయ్.’’

‘‘ఎట్ల తీస్త? ఒకని ఫోన్లకెల్లి ఇంకొకనికి పోయింది. మన కోహెడ దాటింది. ఇగ అది నా చేతుల లేదు.’’

‘‘మరి ఎవల చేతుల ఉన్నది? నేను కన్న కొడుకు, నేను ఏడ్చిన ఏడుపు!’’

దేవరాజు కంప్యూటరులో ఉన్నదాన్ని ఆమె చూస్తుండగానే చెరిపేశాడు.

‘‘గా దినం నీ కంట్ల చుక్క నీళ్లు రాలే,’’ అంది సుమిత్రమ్మ. ‘‘టెంటు, కుర్చీలు అనుకుంట తిరిగినవ్.’’

‘‘నాకు ఏడుపు రాలే సుమిత్రా. రోజు గిదే పెట్టుకొని ఇంటుంటి. నువ్వు ఏడుస్తుంటే నేను ఏడ్చినట్టే ఉంటుండె. ఇగ గదీ పాయె.’’

‘‘నర్సిమ్మా! బిడ్డా!’’ అంటూ దేవరాజు బల్ల మీద తల వాల్చి బావురుమన్నాడు. బజారులో పోయేవాళ్లు ఆగారు. ఒకడు జేబులోంచి ఫోను తీశాడు.

సుమిత్రమ్మ ఒక్క ఉదుటున పోయి షట్టరు కిందికి లాగేసింది. కంప్యూటరు వెలుతురులోనే వెనక్కి వచ్చి మొగుడి తలను కడుపుకు అదుముకుంది.

‘‘ఏడువు. కడుపునిండ ఏడువు. గిది మనిద్దరిదే.’’