నీళ్లకు వచ్చిన గాలికుంటు

"పెద్ద డెయిరీలో గాలికుంటు వ్యాధి. మామూలు తనిఖీలో బయటపడింది. సాయంత్రం మందంతటికీ ప్రాణం తీసే ఇంజెక్షన్లు," అన్నాడు చీఫ్. "నాకు మాత్రం విదేశీ పాలపొడి ముఠా మీదే అనుమానం. ల్యాబ్‌లో మన మనిషి ఉంది. కోడ్‌నేమ్ సంపెంగ. వెళ్లి నిజం తేల్చు."

ఏజెంట్ డేగ మెషిన్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. సంపెంగ తెల్లకోటులో కూడా సినిమా తారలా ఉంది.

"వానొస్తుందంటారా?" అంది.

"గొడుగు తెచ్చుకున్నా."

కోడ్ కుదిరింది. ఆమె స్క్రీన్ చూపించింది. వైరస్ ఉంటే గీత పైకి లేస్తుంది. ఆవుల శాంపిళ్ల గీతలన్నీ నిటారుగా లేచాయి.

ప్రతి పరీక్షలోనూ ఒక ట్యూబులో ఉత్త నీళ్లు వేస్తారని డేగ చదువుకునే వచ్చాడు. ఆ గీత లేవకూడదు.

"నీళ్ల గీత ఏది?"

"దాంతో పనేముందిలెండి, తీసేశా."

డేగ మౌస్ నొక్కాడు. దాచిన గీత బయటపడింది. అదీ నిటారుగానే ఉంది!

"నీళ్లకు కూడా గాలికుంటు వచ్చిందా మేడమ్? టెస్ట్ కిట్‌లోనే వైరస్ కలిపావు. ముఠా మనిషివి నువ్వే!"

ఆమె కోటు జేబులోంచి పిస్టల్ తీసింది. డేగ పెన్ను నొక్కాడు. గుప్పున పొగ. గుండు గోడకు తగిలింది. పొగ విడేసరికి ఆమె చేతికి, ఫ్రీజర్ హ్యాండిల్‌కి కలిపి బేడీలు పడ్డాయి.

ఆమె పగలబడి నవ్వింది. "డెయిరీ చుట్టూ జామర్లు పెట్టాం. ఏ ఫోనూ మోగదు."

డేగ జీపు ఎక్కాడు.

డెయిరీలో యజమానురాలు ఓ ఆవు మెడ కౌగిలించుకుని నిలబడింది. "డాక్టరుగారూ, ఇది కడుపుతో ఉందండీ. దీనికి ఆఖర్న వెయ్యండి."

"ఎప్పుడైనా తప్పదు కదమ్మా," అంటూ డాక్టరు తల తిప్పుకుని సూది ఎత్తాడు. సూదిమొన మెడ వెంట్రుకలను తాకింది.

గేటు విరిగిపడింది. జీపు లోపలికి దూసుకొచ్చింది.

"ఆపండి! రిపోర్ట్ అబద్ధం!"

"నా చేతిలో ఆర్డరుంది. నువ్వెవరయ్యా?"

"మీకిష్టం లేని పని ఆపడానికొచ్చినవాణ్ణి. కిట్‌లో కల్తీ జరిగింది. మళ్లీ పరీక్ష చేయించండి."

డాక్టరు సూది వెనక్కి తీసి కిందికి దించాడు. యజమానురాలు అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.

మర్నాడు వేరే ల్యాబ్‌లో కొత్త కిట్‌తో పరీక్ష జరిగింది. ఆవుల గీతలు నీళ్ల గీత పక్కనే చదునుగా పడుకున్నాయి.

జామర్లు పీకేయించి, డెయిరీ నుంచే డేగ చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"శభాష్! నష్టమేమైనా జరిగిందా?"

"ఒక గేటు సార్. నా చొక్కా కాలరు కూడా పోయేలా ఉంది. ఆ కడుపుతో ఉన్న ఆవు నోట్లో పుండ్లేమీ లేవు సార్, శుభ్రంగా నములుతోంది!"