టోటల్ వరస కలపకండి

"ముందుగా డేటాని సెలెక్ట్ చేయవలెను..." అని గొణుక్కుంటూ జ్యోతిర్మయి పూతరేకు మీద నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడత పెట్టింది. రేకు విరిగింది.

ఎదురుగా తల్లి వీరాయమ్మ బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి తీస్తోంది. కుండ వేడెక్కిందంటే ఆవిడ లేవదు. చుట్టాలొచ్చినా కూర్చునే పలకరిస్తుంది.

"ఎవరితోనే ఆ మాటలు?"

"కాలేజీ పనమ్మా. కంప్యూటర్లో ఏం చేస్తున్నానో నోటితో చెప్తూ రికార్డు చెయ్యాలి. అది చూసి ఇంకొకళ్ళు నేర్చుకోవాలి. నాకు మాట రావట్లేదు."

"గోడకి చెప్తే నాకూ రాదు. మనిషి ఎదురుగా ఉన్నాడనుకుని చెప్పవే."

రెండువేల ఎనిమిదిలో కొత్తపేట డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సారు కృపానందంగారు కొత్త పద్ధతి పెట్టారు. దాని పేరు స్క్రీన్‌కాస్ట్. "నేను చెప్తే మీకు నిద్రొస్తోంది. ఇక మీరే చెప్పండి. మీ రికార్డింగ్ చూసి పక్కవాళ్ళు పని చెయ్యగలిగితేనే ఇంటర్నల్ మార్కులు" అన్నారు.

జ్యోతిర్మయి మొదటి రికార్డింగులో బాణం గుర్తు కదలడమే గాని మాట లేదు.

"మూకీ సినిమా అండీ!" అన్నాడు కుమారస్వామి. ర్యాలి ఊరి కుర్రాడు, ల్యాబ్‌లో ఆమెకి ఎదురు సిస్టమ్. ఇంకెవరన్నా ఆమె పట్టించుకునేది కాదు. అతను అన్నాడు కాబట్టే గుచ్చుకుంది.

మర్నాడు తల్లి చెప్పినట్టే చేసింది. తన గొంతు తను వినడానికి సిగ్గేసి, వినకుండానే సారుకి ఇచ్చేసింది.

అది క్లాసులో అందరి ముందూ మోగింది.

"మార్కుల గ్రాఫ్ గీద్దామండి. పేర్లు, మార్కులు సెలెక్ట్ చెయ్యండి... ఆగండి కుమారస్వామిగారూ! టోటల్ వరస కలపకండి. మీరెప్పుడూ కలిపేస్తారు. ఆ ఒక్కటీ కొబ్బరిచెట్టులా లేచి, మిగతావన్నీ గడ్డిపరకలైపోతాయి. అప్పుడు మౌస్‌ని తిడతారు. ఒకసారి కళ్ళజోడు తుడుచుకోండి."

క్లాసు గొల్లుమంది. "నీకింత గొంతుందా!" అని పక్కనున్న సలోమి బల్ల మీద కొట్టింది. జ్యోతిర్మయి తల ఎత్తలేదు.

"బాగానే ఉందమ్మా. కుమారస్వామీ, వచ్చి చెయ్యి" అన్నారు సారు.

అతను కళ్ళజోడు తుడుచుకున్నాడు. గ్రాఫ్ మొదటిసారే సరిగ్గా వచ్చింది. వెళ్ళి తన సిస్టమ్ ముందు కూర్చున్నాడు. ఆ తరవాత జోకులు మానేశాడు. నలుగురిలో నవ్వులపాలు చేశానని కోపమొచ్చిందేమోనని ఆమెకి అన్నం సయించలేదు.

తరవాత అతని వంతు. ఆ పాఠం చూసి పని చెయ్యాల్సింది జ్యోతిర్మయే. ల్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. పాఠం సగం బాగానే నడిచింది. బాణం టోటల్ వరస మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"ఇక్కడ నన్ను ఆపే మనిషి కావాలండి. ఈ ఒక్క పాఠానికే కాదు. ఆదివారం మా అమ్మ రేకుల కోసం మీ ఇంటికొస్తానంటోంది. వద్దంటే ఇప్పుడే చెప్పేయండి."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసింది. ఎదురుగా అతను కళ్ళజోడు తెగ తుడుస్తున్నాడు.

"ఇదే సారుకీ ఇచ్చేరా?"

"అయ్యో, లేదండీ. ఆయనకి వేరేది."

"చార్టుకి పేరు పెట్టలేదు మీరు."

"అయితే ఫెయిలా అండీ?"

"ఆదివారం రమ్మనండి."

ఆ ఆదివారం జ్యోతిర్మయి తండ్రి కాలవగట్టు మీద కొబ్బరికాయల దింపు దగ్గరున్నాడు. కుమారస్వామి తల్లి సత్యనారాయణమ్మ కొడుకుతో వచ్చింది.

"కూర్చోండి వదినగారూ, కుండ వేడి మీదుంది, లేవలేను" అంది వీరాయమ్మ.

"ఆయ్, పర్లేదండీ. మీ అమ్మాయి మావాణ్ణి క్లాసులో అందరి ముందూ కడిగేసిందటండీ."

కుండ మీద వీరాయమ్మ చెయ్యి ఆగింది. "చిన్నపిల్లండీ, ఏమనుకోకండి..."

"అనుకోడానికేముందండీ? కళ్ళజోడు తుడుచుకోరా అని నేను మొత్తుకున్నా వినేవాడు కాదు. ఇప్పుడు పొద్దస్తమానం తుడుస్తున్నాడు. చదువులయ్యేక మీ పిల్లని మాకిస్తారేమో అడుగుదామని వచ్చేను."

వీరాయమ్మ కూతురి వంక చూసింది. "ఎవరికి చెప్పేవే ఆ పాఠం?"

"మనిషి ఎదురుగా ఉన్నాడనుకోమన్నది నువ్వేగా అమ్మా" అంది జ్యోతిర్మయి, చేతిలో రేకు విరక్కుండా మడత పెడుతూ.

వీరాయమ్మ కుండ కింద మండుతున్న కొబ్బరాకు బయటికి లాగి నీళ్ళు చిలకరించింది. చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. చెప్పులు వేసుకుని, మొగుణ్ణి పిలుచుకురావడానికి గబగబా కాలవగట్టు వైపు వెళ్ళిపోయింది.