ఆపరేషన్ గ్రూప్ ఫోటో

పెద్దాయన ఎవరినీ నమ్మేవాడు కాదు. పన్ను నొప్పి మాత్రం ఆయన నియమాలను లెక్కచేయలేదు.

దవడ వాచి, తిండి సహించక, చివరికి అపాయింట్‌మెంట్ తీసుకుని, ఒక మధ్యాహ్నం బాడీగార్డును మెట్ల దగ్గరే ఆపి, పళ్ళ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ దేశపు గూఢచార శాఖను నడిపిన మనిషి ఇంకొకరి ముందు నోరు తెరవడం అదే మొదటిసారని తర్వాత ఆఫీసులో చెప్పుకున్నారు. మాస్కు వేసుకున్న డాక్టరు చిగురుకు ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపట్లో మొద్దుబారుతుందన్నాడు. ఆగిపోయింది గుండె. అసలు డాక్టరు వెనక బాత్రూంలో, ఎవరో పొడిచిన మత్తుమందుతో స్పృహ లేకుండా దొరికాడు. మాస్కు మనిషి దొరకలేదు.

శాఖకు అసలు కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి. పెద్దాయన ఏదీ కాగితం మీద పెట్టే రకం కాదు. ఫీల్డు ఏజెంట్లు ఎవరు, ఏ ఊళ్ళో ఏ వేషంలో ఉన్నారు, అంతా ఆయన బుర్రలోనే ఉండేది. ఒక ఏజెంటు మొహం ఇంకో ఏజెంటుకు తెలియదు. రేడియోలో వాతావరణ విశేషాల తర్వాత వచ్చే ఒక మామూలు ప్రకటనే వాళ్ళందరికీ పిలుపు. పైగా అప్పుడే ప్రభుత్వం మారింది. కొత్త మంత్రి శాఖను ఉంచుతాడో, ఇంకోదాంట్లో కలిపేస్తాడో ఎవరికీ అంతుపట్టలేదు. కారిడార్లలో జనం గోడలకు వినపడకుండా మాట్లాడుకోసాగారు.

అలాంటి సమయంలో డైరెక్టర్ కుర్చీ ఆఫీసు సిబ్బంది శిక్షణ విభాగం అధికారికి దక్కింది. ఆయన మంచివాడు, కష్టజీవి. పైవాళ్ళ సంతకం లేకుండా కిటికీ తలుపు కూడా తీయించని మనిషి. హత్య కేసు అప్పగించడానికి ఆయన పిలిపించిన ఏజెంటును, ఆఫీసుకు మొహం తెలిసిన ఒకే ఒక్కణ్ణి, శాఖలో అందరూ తాబేలు అంటారు. తొందరపడడు, తల బయటపెట్టడు, పట్టుకుంటే వదలడు. ఆఫీసులో ఆ ఇద్దరూ సారూ, ఏజెంటూ. ఇంట్లో బావా, బావమరిదీ. డైరెక్టర్ కట్టుకున్నది తాబేలు అక్కనే.

"కేసు నీది. ఎంత టైం కావాలి?"

"తెలీదు సార్."

"ప్లాన్‌లో ఏదో ఒక తేదీ వెయ్యాలి కదా."

"వేసుకోండి సార్."

గదిలో సోఫా మీద కూర్చున్న ఒకావిడ నవ్వింది. గది మొత్తానికీ వెలుతురు వచ్చినట్టయింది. పెద్ద కంపెనీలకు నాయకత్వ పాఠాలు చెప్పే కన్సల్టెంట్‌గా ఆవిడ లోకానికి తెలుసు. కొన్నేళ్ళ క్రితం పెద్దాయనే ఆవిణ్ణి సరిహద్దు అవతలి ముఠాలోకి మన మనిషిగా పంపాడు. ఒక రైలు వంతెన కూలకుండా ఆపిన సమాచారం ఆవిడ తెచ్చిందే. ఆ పలువరస చూసి పెద్దాయన పెట్టిన కోడ్ పేరు ముత్యం.

ముత్యం డైరెక్టర్‌కు ఒక ప్లాను తయారుచేసి పెట్టింది. 'మార్పు కాలంలో నాయకత్వం: ఐదేళ్ళ వ్యూహం'. దాని మొదటి మెట్టు, ఏజెంట్లందరినీ రేడియో ప్రకటనతో పిలిపించి, ఇన్సూరెన్స్ కంపెనీ సదస్సు అనే పేరుతో ఒక హోటల్ హాల్లో సమావేశపరచడం. చివర్లో ఒక గ్రూప్ ఫోటో. ఒకరినొకరు ఎరగని మనుషులు ఒక నాయకుణ్ణి నమ్మరని, నాయకుణ్ణి నమ్మని శాఖ మార్పు గాలికి నిలబడదని ఆవిడ మృదువుగా వివరించింది.

పెద్దాయన వాళ్ళను ఎన్నడూ ఒకచోట చేర్చలేదని తాబేలు గుర్తుచేశాడు.

"అందుకే ఆయన పోగానే మనం గుడ్డివాళ్ళమయ్యాం," అన్నాడు డైరెక్టర్.

ఆ మాటలో నిజం ఉంది. 

ఒక ఆదివారం ఉదయం అతను అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళి, మీ బావకు నిద్ర లేదురా, కలలో కూడా ఎవరికో స్లైడ్లు చూపిస్తున్నాడు అని గోడు వెళ్ళబోసుకుంది. బావ ఆ ప్లాను కాగితాల మధ్యే టీ తాగుతున్నాడు. మొహం పీక్కుపోయింది.

ఫోటో ఒక్కటీ మానేయమని తాబేలు బతిమాలాడు. ప్లాను మంత్రిగారి దాకా వెళ్ళిపోయిందని, ఇప్పుడు మారిస్తే చేతకాని డైరెక్టర్ అంటారని బావ అన్నాడు. ఆ తర్వాత కప్పు పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు.

"రేపేమవుతుందో నాకూ తెలీదు. తెలిసినట్టు కనపడాలి. కనపడకపోతే కిందవాళ్ళు హడలిపోతారు. నా ఉద్యోగం అంతా అదే ఇప్పుడు."

"తెలీదని చెప్పెయ్యొచ్చుగా బావా."

"పెద్దాయన చెప్తే చెల్లేది. నేను చెప్తే నవ్వుతారు." కాగితాలు సర్దుతూ అన్నాడు, "ఆయన నాకు అప్పగించి పోయింది ఒకే ఒక్క వాక్యం. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను అనాలట."

శాఖ అధిపతి నోట ఆ మాట వింటే ప్రతి ఏజెంటూ ఉన్నపళంగా మాయమైపోవాలి. ఇల్లు, వేషం, పేరు అన్నీ వదిలెయ్యాలి, రేడియో ప్రకటన వినడం కూడా మానెయ్యాలి. వాళ్ళను తిరిగి పిలిచే దారి పెద్దాయనకు ఒక్కడికే తెలుసు. అది ఆయనతోనే మట్టిలో కలిసింది. కాబట్టి ఆ వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

గుమ్మంలోంచి విన్న అక్క, ఈయన జన్మలో పొయ్యి ముట్టించిన పాపాన పోలేదు, ఈయన పాలు పెట్టాడంటే ఎవరు నమ్ముతారు అంది. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినపడిన నవ్వు అది.

పళ్ళ డాక్టరు ఆస్పత్రిలో స్పృహ లేకుండానే ఉన్నాడు. తాబేలు రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చుని వచ్చేవాడు. సదస్సు జరిగే రోజు ఉదయం వెళ్ళేసరికి డాక్టరు కళ్ళు తెరిచి, గంజి బాగా లేదని నర్సుతో పోట్లాడుతున్నాడు.

మాస్కు మనిషిని తాను చూడలేదని, వెనక నుంచి ఎవరో సూది పొడిచారని చెప్పాడు. అంతకు ముందు కొత్తవాళ్ళెవరైనా వచ్చి అపాయింట్‌మెంట్ల గురించి ఆరా తీశారా అని తాబేలు అడిగాడు. ఒకావిడ పన్ను కట్టించుకోవడానికి వచ్చేదని, కుర్చీలో ఉన్నంతసేపూ ఎవరెవరు ఎప్పుడొస్తారో కబుర్లాడుతూ అడిగేదని డాక్టరు గుర్తుచేసుకున్నాడు. మనిషి ఎలా ఉంటుంది అంటే మాత్రం చేతులెత్తేశాడు. మొహాలు తనకు గుర్తుండవట.

ఉక్కగా ఉంది. తాబేలు జేబులోంచి ఇన్సూరెన్స్ సదస్సు కరపత్రం తీసి విసురుకోసాగాడు. దాని ముందు పేజీలో వక్తగా ముత్యం నవ్వుతున్న ఫోటో ఉంది. డాక్టరు చెయ్యి చాపి ఆ కాగితం లాక్కున్నాడు.

"ఇదే. పైన ఎడం పక్క పన్ను. నేను కట్టిందే. రంగు ఒక ఛాయ తగ్గిందని ఆవిడ గొడవపెట్టుకుంది కూడా."

ముత్యాల్లో ఒకటి నకిలీది. తాబేలుకు లెక్క తేలింది. పెద్దాయన్ని చంపితే ఏజెంట్లు దొరకరు. వాళ్ళ పేర్లు ఆయన బుర్రతోనే పోతాయి. కానీ ఆయన పోతే భయపడిన శాఖ ఒక ప్లాను కోసం వెతుక్కుంటుంది. ఆ ప్లాను ఆవిడ చేతిలో ఉంటుంది. అప్పుడు ఏజెంట్లను శాఖే తీసుకొచ్చి వరసగా నిలబెడుతుంది.

అది ఆస్పత్రి అన్న సంగతి మరిచి అతను మెట్ల మీద పరిగెత్తాడు. తాబేలు పరిగెత్తడం చూసినవాళ్ళు శాఖలో ఎవరూ లేరు.

హోటల్ చుట్టూ ఫోన్లు పనిచేయడం లేదు. భద్రత కోసం సిగ్నల్ ఆపించింది ముత్యమే. కేసు మీద ఉన్నవాడు కేసు మీదే ఉండాలని అతనికి లోపలికి వెళ్ళే బ్యాడ్జి ఇవ్వనివ్వకుండా చూసిందీ ఆవిడే. గేటు దగ్గర అరిచి గోల చేస్తే హాల్లోవాళ్ళంతా మొహాలతో సహా బయటికి వస్తారు. అతను వంటగది వైపు తిరిగి, ఆరేసిన వెయిటర్ కోటు ఒకటి తగిలించుకున్నాడు. దాని చేతులు మోచేతుల దాకానే వచ్చాయి. ఒక ట్రే, దాని మీద గ్లాసు, నీళ్ళ జగ్గు.

హాలు చీకటిగా ఉంది. తెర మీద స్లైడు వెలుగు తప్ప ఏమీ లేదు. కుర్చీల్లో టోపీలు, కళ్ళజోళ్ళు, తల మీదుగా కప్పుకున్న శాలువాలు. అతని జేబులో టెక్నికల్ విభాగం ఇచ్చిన పెన్ను ఉంది. నొక్కితే దాని కాంతికి దాచిన కెమెరా లెన్సు ఎర్రగా మెరుస్తుంది. మెల్లగా చుట్టూ తిప్పాడు. వేదిక ముందున్న పెద్ద కెమెరా మెరిసింది. ప్రతి తలుపు పైనా ఒక్కో చుక్క మెరిసింది. చీకట్లో అవన్నీ గుడ్డివి. లైట్లు వేస్తే చాలు. స్విచ్‌బోర్డు దగ్గర ఫోటోగ్రాఫరు మనిషి చెయ్యి ఎత్తి ఉంచాడు. డైరెక్టర్ ప్రసంగం చివరి పేజీలో ఉంది. ఆ పేజీ చివరి వాక్యం, రండి, అందరం కలిసి ఫోటో దిగుదాం.

తాబేలు వేదిక ఎక్కి గ్లాసులోకి నీళ్ళు వంపాడు.

"నీళ్ళు సార్. తల తిప్పకండి. ముత్యం అవతలి మనిషి. డాక్టరు గుర్తుపట్టాడు."

డైరెక్టర్ మైకును అరచేత్తో మూశాడు.

"అరెస్టు చెయ్యి."

"నేను కదిలితే లైట్లు వేస్తారు. తలుపులన్నిటికీ కెమెరాలున్నాయి. మీరు పాలు అనాలి బావా."

"అంటే వీళ్ళు మళ్ళీ రారు. శాఖే ఉండదు."

"మనుషులుంటారు."

కింద కెమెరా పక్కన నిలబడిన ముత్యం తల వంచి వెయిటర్ కోటు చేతుల వైపు చూసింది. డైరెక్టర్ కాగితం వైపు చూశాడు. అడగడానికి పైన ఎవరూ లేరు. ఆయన చివరి పేజీని బోర్లించాడు.

"క్షమించాలి," అన్నాడు మైకు మీంచి చెయ్యి తీసి.  "నేను పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను."

ముత్యం నవ్వింది. ఆవిడ బయటి మనిషిగా శాఖ కోసం పనిచేసిందే గానీ ఫీల్డు ఏజెంటు కాదు. ఆ వాక్యం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నవ్వు పూర్తయ్యేలోపు కుర్చీలు కదిలిన చప్పుడు వినపడింది. తోపులాట లేదు, కేక లేదు. శాలువాలు మొహాల మీదికి జారాయి. చీకటి కిటికీల వైపు, వంటగది వైపు, తెర వెనక్కి పారినట్టయింది. ప్రతి ఒక్కరూ లోపలికి వస్తూనే తమ దారి చూసిపెట్టుకున్నారు.

"లైట్లు వెయ్యి," అని అరిచింది ముత్యం.

లైట్లు వెలిగాయి. కెమెరా క్లిక్ మంది. ఖాళీ కుర్చీలు, కింద పడిన ఒక టోపీ, మైకు పట్టుకుని నిలబడ్డ డైరెక్టర్. అవతలివాళ్ళ కెమెరాకు దొరికిన ఫోటో అది. ఆ మొహం అంతకు ముందే పేపర్లలో వచ్చింది.

ముత్యం చేతిసంచిలోంచి పిస్తోలు పైకి లేస్తుండగా తాబేలు విసిరిన ట్రే మణికట్టుకు తగిలింది. ఫోటోగ్రాఫర్లు గేటు దగ్గర గార్డులకు చిక్కారు. చేతులకు బేడీలు వేస్తుంటే ఆవిడ మణికట్టు చూసుకుని, తాపీగా డైరెక్టర్ వైపు తిరిగింది.

"మీ వాళ్ళను కాపాడుకున్నారు. మాకు కావలసింది కూడా ఇదేగా. ఇక మీకు కళ్ళు లేవు."

డైరెక్టర్ నీళ్ళ గ్లాసు ఎత్తి మొత్తం తాగేశాడు.

విచారణ సంఘం కూర్చుంది. ఎవరినీ సంప్రదించకుండా శాఖను ఒక్క మాటతో నాశనం చేశాడని, అనిశ్చిత సమయంలో నాయకత్వ లక్షణాలు చూపలేదని డైరెక్టర్‌ను ఇంటికి పంపించారు. అవతల జైల్లో ఉన్న మన రాయబారి కొడుకు కోసం ముత్యాన్ని సరిహద్దులో మార్చుకున్నారు. కొత్త డైరెక్టర్ ఆవిడ ప్లానును అటూ ఇటూ తిరగేసి, రాసింది ఎవరైనా ఆలోచన బాగుందని, ఫోటో పేరా ఒక్కటి తీసేసి అమల్లో పెట్టాడు.

తాబేలు బావను చూడ్డానికి వెళ్ళాడు. ఆయన వరండాలో కూర్చుని అక్కకు చిక్కుళ్ళు ఒలిచి పెడుతున్నాడు. తాబేలు విచారణ గురించి అడగలేదు. గింజలు గిన్నెలో వేస్తూ బావే అడిగాడు.

"వాళ్ళల్లో ఎవరైనా ఎక్కడైనా కనపడ్డారా?"

"కనపడినా గుర్తుపట్టలేను కదా బావా."

"ఎవరైనా చచ్చిపోయినట్టు వార్త వచ్చిందా?"

"లేదు."

బావ తల ఊపాడు. తనను ఎవరూ మెచ్చుకోలేదన్న బాధ ఆయనకు ఉందని తాబేలుకు తెలుసు.  చిక్కుడుకాయను విరుస్తున్న వేళ్ళలో అది కనపడుతూనే ఉంది. లోపల్నుంచి అక్క, నిద్ర మాత్రం పడుతోందిరా మీ బావకు, అని అరిచి చెప్పింది, అదొక్కటే లాభం అన్నట్టు.

మర్నాడు తాబేలు రాజీనామా ఇచ్చాడు. మార్పు కాలంలో అనుభవజ్ఞులను వదులుకోవడం వ్యూహాత్మకంగా మంచిదా కాదా అన్నది తేల్చడానికి కొత్త డైరెక్టర్ వెంటనే ఒక కమిటీ వేశాడు. కమిటీలో ఒక ఫీల్డు ఏజెంటు ఉండి తీరాలని నిబంధన. శాఖలో ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి, తాబేలునే వేశారు.