శనిగ్రహం తరువాత

నా గొంతు బాగుంటుందని మా రాజోలులో నలుగురు అనుకుంటారు. ఆ నలుగురిలో మొదటివాణ్ణి నేనే. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేను. మిగతా ఆరు రోజులూ కొబ్బరి పీచు సొసైటీలో గుమాస్తాని.

ఎనభై మూడు ఆగస్టులో, జోరువానలో, పక్క వీధి కృపావతి టీచరు మా ఇంటికి వచ్చింది. కళ్లద్దాల నిండా చినుకులు. ఆమెకు నేను సరిగ్గా కనపడకపోవడం దేవుడి దయ. అప్పుడు నా ఒంటిమీదున్నది మా తమ్ముడి లుంగీ, అది మోకాళ్లు దాటలేదు.

"సాలమోను గారూ, మీ అన్నయ్యగారు మస్కట్ నుంచి టేప్ రికార్డర్ పంపేరంట కదండీ?"

"ఆయ్."

"నాన్నగారికి శుక్లాల ఆపరేషనైందండి. నెల్లాళ్లు చదవకూడదన్నారు. ఏమీ తోచక ఇంటిల్లిపాదినీ కసురుకుంటున్నారు. నేను చదివి వినిపిద్దామంటే, స్కూల్లో అరిచి అరిచి గొంతు పోయింది. ఈ సైన్సు పుస్తకం మీరు చదివి కేసెట్లోకి ఎక్కిస్తారా?"

అది గ్రహాల పుస్తకం. "గ్రహాలంటే నాకు ప్రాణమండీ" అన్నాను. అవి ఎన్నో కూడా నాకు తెలీదు.

ఆమె తండ్రి సుందరరావు మాస్టారు మా హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. తెల్లారగట్ల లేచి నేను ఒక అధ్యాయం చదివి ఎక్కించేవాణ్ణి. కృపావతి వచ్చి కేసెట్టూ, రికార్డరూ పట్టుకెళ్లి, మర్నాడు మాస్టారి తీర్పుతో సహా రికార్డరు తెచ్చిచ్చేది.

"బుధగ్రహాన్ని కీర్తనలా చదివేరంటండి."

"అలవాటండీ."

"శుక్రగ్రహం అయ్యాక ఆమేన్ అన్నారు కూడాను!"

ఏం చెయ్యను? అధ్యాయం ముగిస్తే ఆమేన్ అనకుండా నా నోరు మూతపడదు. ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం కావాలనే అంగారకుడికి రెండుసార్లు ఆమేన్ చెప్పాను.

గురుగ్రహం దగ్గరికి వచ్చేసరికి పిడుగులాంటి వార్త. ఆదివారం కొత్తపేట నుంచి బ్యాంకు అబ్బాయి ఆమెను చూడ్డానికి వస్తున్నాడట. ఆమెతో చెప్పే ధైర్యం నాకు లేదు. మాస్టారితో చెప్పే ధైర్యం అసలే లేదు.

గల్ఫులో మనుషులున్న ఇళ్లలో ఉత్తరం రాయడం మానేసి, కేసెట్లో మాట్లాడి పంపుకునే రోజులవి. నేనూ మా జోజి అన్నయ్యకు ఓ కేసెట్టు నిండా నా గోడు చెప్పుకున్నాను. తీరా వింటే నాకే సిగ్గేసి పంపలేదు. మర్నాడు శనిగ్రహానికి కొత్త కేసెట్టు దొరక్క, దాని మీదే చదివేశాను. శనిగ్రహం చిన్న అధ్యాయమనీ, నా గోడు చాలా పెద్దదనీ ఈ బుర్రకు తట్టలేదు.

మంగళవారం సాయంత్రం మాస్టారు రమ్మన్నారని కబురొచ్చింది. వెళ్లాను. ఆయన కళ్లకు పచ్చటి అట్ట కట్టుకుని పడక్కుర్చీలో ఉన్నారు.

"వచ్చేవట్రా? కూర్చో. నీ గానం నువ్వూ విను."

కృపావతి మీట నొక్కింది. నా గొంతు శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలన్నీ గంభీరంగా వర్ణించి "ఆమేన్" అంది. మాస్టారు పకపకా నవ్వేరు. టేపులో టక్‌మని చప్పుడైంది. ఆ వెంటనే మళ్లీ నేనే, ఈసారి ఏడుపు గొంతుతో.

"...నిజం అన్నయ్యా, కృపావతి తప్ప నాకింకెవరూ వద్దు. ఆవిడ నవ్వితే నాకు అన్నం సయించట్లేదు. మాస్టారిని అడగాలంటే కాళ్లు వణుకుతున్నాయి. ఆయన మనుషులకి కూడా మార్కులేసే రకం..."

లేచి ఆపబోయాను. కాలికి వైరు తగిలి బోర్లా పడ్డాను.

"ఆపకు" అన్నారు మాస్టారు.

మొత్తం విన్నారు. వచ్చేటప్పుడు సెంటు సీసా తెమ్మని అన్నయ్యను బతిమాలడం కూడా విన్నారు. టేపు ఆగాక మాస్టారు నా వైపు తిరిగేరు.

"మస్కట్‌కి చెప్పేవు. పక్క వీధికి చెప్పలేకపోయేవా?"

నేల మీదే కూర్చుని చెప్పాను. "మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమండీ. ఆవిడ వద్దంటే మళ్లీ ఈ గుమ్మం తొక్కను."

కృపావతి గొంతు సవరించుకుంది. "నాన్నగారూ, ఈ కేసెట్టు నేను మధ్యాహ్నమే విన్నానండి. ఇందాక ఆమేన్ దగ్గరే ఆపెయ్యాల్సింది. ఆపబుద్ధి కాలేదు. మీ పేరు చెప్పి ఈయన్ని రమ్మని కబురు పెట్టిందీ నేనే. మీతో చెప్పడానికి నాకూ భయమేసింది."

మాస్టారు కుర్చీ చెయ్యి మీద వేళ్లతో తాళం వేసేరు.

"బల్ల మీద కార్డుంది, తియ్యరా. నాకు కళ్లు కనపడవు, నువ్వే రాయి. కొత్తపేట వారికి. మా అమ్మాయికి సంబంధం కుదిరింది, శ్రమపడి రావద్దు."

చెప్పినట్టే అంతా రాశాను. రాసి, తలెత్తి అడిగాను.

"ఎవరితో కుదిరిందని రాయమంటారండీ?"

మాస్టారు తల పట్టుకున్నారు. కృపావతి నా చేతిలోంచి పెన్ను లాక్కుని, నా పేరు తనే రాసింది.