బ్రిజిడమ్మ బావి దగ్గర పిలిచిన పేరు

"ఆ గేటు నేను తెరవను! నా ఒంట్లో ప్రాణం ఉండగా తెరవను!"

ఫింటన్ అరచేత్తో బల్ల మీద కొట్టిన దెబ్బకు టీ కప్పులు ఎగిరిపడ్డాయి. పొయ్యి ముందు పడుకున్న కుక్క లేచి తలుపు దగ్గరికి పోయింది. రొట్టెపిండి పిసుకుతున్న డింప్నా చేతులు అక్కడే ఆగిపోయాయి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా భర్త గొంతు ఇంతగా లేవడం ఆమె ఎన్నడూ వినలేదు. పుట్టిన దూడ చచ్చిపోయినా, కోసిన గడ్డి వానకు కుళ్ళిపోయినా "సరేలే" అని టోపీ పెట్టుకుని బయటికి పోయే మనిషి... ఈ రోజు బల్ల గుద్ది అరుస్తున్నాడు!

"నాన్నా, నీకేమైంది?" కూతురు ఓర్లా ఏడుపు గొంతుతో అంది. "గాల్వే నుంచి, కార్క్ నుంచి, ఎక్కడెక్కడి పట్నాల నుంచో అంతమంది ఆడవాళ్ళు బయలుదేరి వస్తున్నారు! బ్రిజిడమ్మ పండుగంటే ఆమె బావి దగ్గరే గదా చెయ్యాలి! అమ్మ సరేనంది. నీకూ చెప్పాను, తల ఊపావు!"

"బావి చూసి పోతారన్నావు. పొలంలో కార్లు పెడతారని చెప్పావా? మీ అత్త వచ్చి చెప్తే గాని నాకు తెలియలేదు."

కిటికీ పక్కన కూర్చున్న పెగ్, ఫింటన్ అక్క, కప్పు కింద పెట్టి మూతి తుడుచుకుంది. "నాకెందుకమ్మా మీ గొడవ! ఊరి హాలు గోడకు కాగితం అంటించారు, చదివాను. శని ఆదివారాలు అమ్మవారి ఆరాధన అట! పునీత బ్రిజిడ్‌ను పట్టుకుని అమ్మవారంటూ, జుట్లు విరబోసుకుని డోళ్ళు వాయిస్తారట! రేపు ఫాదర్ గారికి మన మొహం ఎలా చూపించాలి?"

"హాలు తాళాలిచ్చింది ఫాదర్ గారే అత్తా!"

"ఆయన నిన్న మొన్నటి కుర్రాడు. ఆయనకేం తెలుసు!"

ఓర్లా తండ్రి చెయ్యి పట్టుకుంది. "సరే నాన్నా, కార్లు రోడ్డు పక్కనే పెట్టిస్తాను. మనుషులు నడిచి వస్తారు. ఇప్పుడు సరేనా?"

"వద్దు! అంతమంది తొక్కుకుంటూ... డోళ్ళు వాయించుకుంటూ... ఒక్కరి అడుగు కూడా అక్కడ పడడానికి వీల్లేదు!"

చెయ్యి విడిపించుకుని, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న ఇనుప గొలుసు భుజాన వేసుకుని, తాళం అందుకుని, వానలోకి నడిచాడు. ఆ వెనకే కుక్క పోయింది. కాసేపటికి కింద బావి పొలం గేటుకు గొలుసు చుడుతున్న చప్పుడు వంటింట్లోకి వినిపించింది.

"అమ్మా, నువ్వైనా చెప్పవేమే!" ఓర్లా బావురుమంది. ఎనిస్‌లో బడిపిల్లలకు పాఠాలు చెప్పుకునే పిల్ల, ఏడాది పొడవునా ఈ రెండు రోజుల కోసమే కష్టపడింది. తుంగపరకలతో శిలువలు అల్లింది, దీపాలు సమకూర్చింది, పాటలు నేర్చుకుంది... డింప్నా పిండి చేతులు కడుక్కుని వచ్చి కూతురి కళ్ళు తుడిచింది. కానీ డింప్నా గుండెలో అంతకన్నా పెద్ద శోకం ఒకటి ఉంది. అది ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు... కన్నకూతురికి కూడా తెలియదు!

క్రిస్మస్ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఓర్లా పండుగ సంగతులు చెబుతూ, "శనివారం బావి దగ్గర పిలుపు ఉంటుందమ్మా. ఎవరి కోసం మనసు కొట్టుకుంటుందో వాళ్ళ పేరు ఒక్కొక్కరూ పైకి చెప్పాలి. అమ్మవారు వింటుంది" అంది. అది మామూలుగా అన్న మాటే. కానీ ఆ మాట విన్నప్పటినుంచి డింప్నా ఆ శనివారం కోసమే బతుకుతోంది!

పెళ్ళయిన రెండో ఏడు ఆమెకు తొలికాన్పు వచ్చింది. నొప్పులు గుర్తున్నాయి, ఆస్పత్రి తెల్లటి పైకప్పు గుర్తుంది. తర్వాత అంతా చీకటి... స్పృహ వచ్చేసరికి పక్కన ఉయ్యాల లేదు. "బిడ్డ దక్కలేదమ్మా. నువ్వు దక్కావు, అదే పదివేలు. వయసులో ఉన్నావు, ఇంకొకరు పుడతారు. మరిచిపో" అంటూ నర్సు దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. మరిచిపో! ఆ ముఖం చూస్తే గదా మరిచిపోవడానికి! బాప్తిస్మం లేని బిడ్డలకు శ్మశానంలో చోటు లేదన్న రోజులవి. ఎక్కడ పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఆడబిడ్డో మగబిడ్డో కూడా ఎవరూ చెప్పలేదు! ఇంటికొచ్చాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పాలు పితికి వచ్చిన భర్తను బిడ్డ గురించి అడిగింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, "అడక్కు డింప్నా..." అని వెనక్కి తిరిగి పోయాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

చాలా ఏళ్ళకు ఓర్లా పుట్టింది. ఆ పిల్ల మొదటి అడుగు వేసినప్పుడు, బడికి పోయినప్పుడు, పెళ్ళిబట్టల్లో నిలబడినప్పుడు, ఆ పక్కనే ఇంకో పిల్లో పిల్లాడో నిలబడ్డట్టే ఆ తల్లికి ఉండేది! నవంబరు నెలలో ఊరంతా తమవాళ్ళ సమాధుల మీద పూలు పెడుతుంటే, ఆమె మాత్రం చేతిలో పూలతో ఎక్కడ పెట్టాలో తెలియక, చివరకు అత్తగారి సమాధి మీద పెట్టి ఇంటికి వచ్చేది...

శనివారం పొద్దున ఆమె పశువుల కొట్టానికి వెళ్ళింది. ఫింటన్ అప్పుడే పుట్టిన దూడను గడ్డితో తుడుస్తున్నాడు. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఫింటన్... ఓర్లా కోసం కాదు. నా కోసం అడుగుతున్నాను. నేను నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఆ గేటు తెరువు."

ఆయన తల ఎత్తలేదు. "అడక్కు డింప్నా..."

అదే మాట! అదే గొంతు! ఆమె గుండెలో ఏదో పుటుక్కున తెగిపోయినట్టయింది. ఇన్నేళ్ళు ఆ ఒక్క మాటకు కట్టుబడి పెదవి కుట్టుకున్నాను గదా... ఇక చాలు! ఇంట్లోకి వచ్చి ఆదివారం పూజకు వేసుకునే కోటు తొడుక్కుంది. తలకు గుడ్డ కట్టుకుంది. భర్తకు చెప్పకుండా ఆమె గడప దాటడం అదే మొదలు!

గేటు తెరవకపోయినా ఆడవాళ్ళు వెనక్కి పోలేదు. బావి పొలం ముందున్న సన్నటి దారిలోనే, సన్నజల్లులో, గుంపుగా నిలబడ్డారు. బావి అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. దాని మీదికి వంగిన ముళ్ళచెట్టు, కొమ్మలకు ఊరివాళ్ళు ఎప్పుడెప్పుడో మొక్కుకుని కట్టిన గుడ్డపీలికలు... కిందంతా తెల్లటి చిన్నపూలు తలలు వంచుకుని ఉన్నాయి. గేటుకు లోపల, చేతికర్రతో, కుక్కను పక్కన పెట్టుకుని, ఫింటన్ కాపలా సిపాయిలా నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూడలేక ఓర్లా తల దించుకుంది.

"అమ్మా! నువ్వొచ్చావా!"

"వచ్చానమ్మా. ఎక్కడ నిలబడమంటావు?"

"ఏమో, నేనూ వచ్చాను, చూసి పోదామని" అంటూ పెగ్ కూడా గొడుగు వేసుకుని వెనక నిలబడింది.

డోలు మెల్లగా మోగింది. చిన్న గాజుబుడ్డిలో దీపం చేతులు మారుతూ వచ్చింది. ఎవరి చేతికి వస్తే వాళ్ళు పిలవాలి. "మా అమ్మ మేవ్" అంది ఒకామె. "నా తమ్ముడు డెక్లన్... సముద్రం తీసుకుపోయింది" అంది ఇంకొకామె. ప్రతి పేరు వెనకా అందరూ "బ్రిజిడమ్మా, వెలుగు చూపించు" అంటున్నారు. దీపం పెగ్ చేతికొచ్చింది. ఆమె తడబడి, "మా ఆయన..." అని ఆగి, "మొండి మనిషి. జోసెఫ్" అంది. ఎవరూ నవ్వలేదు. పెగ్ కళ్ళు తుడుచుకుని దీపం డింప్నా చేతిలో పెట్టింది.

డింప్నా నోరు తెరిచింది. అందరూ ఎదురుచూస్తున్నారు...

"నా... నా బిడ్డ" అంది చివరికి.

ఓర్లా ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది.

"నా మొదటి బిడ్డ. పేరు... పేరు లేదమ్మా! పేరు పెట్టడానికి నాకు చూపించలేదు! ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలీదు! ఎక్కడ పడుకోబెట్టారో తెలీదు... ఏమని పిలవాలి తల్లీ నేను? ఏ పేరు పెట్టి పిలవాలి?"

ఓర్లా పరుగున వచ్చి తల్లిని గుండెలకు హత్తుకుంది. "అమ్మా... అమ్మా, నాకెందుకు చెప్పలేదే!" ఆ దారిలో ఏడవని కన్ను లేదు!

అప్పుడు గొలుసు చప్పుడైంది.

ఫింటన్ చేతికర్ర కింద పడిపోయింది. ఆయన తాళం తీయబోతుంటే తాళంచెవి చిల్లులో పడడం లేదు. ఓర్లా వెళ్ళి తండ్రి చేతి మీద చెయ్యి వేసి తిప్పింది. గేటు తెరుచుకుంది.

"నీకు తెలీదా?" అన్నాడు ఫింటన్. "డింప్నా... నీకు తెలీదా? బిడ్డను ఎక్కడ పెట్టానో కూడా నర్సుతో చెప్పాను, నీకంతా చెప్పేశానంది! ఆమెకు తెలుసు, ఆ మాట ఎత్తితే తట్టుకోలేదు, ఎత్తకు అంది! అందుకే... నువ్వు అడిగినప్పుడు, ఆ వివరాలన్నీ మళ్ళీ విని కుమిలిపోతావనే గదా నేను..."

"నాకెవరూ ఏమీ చెప్పలేదు ఫింటన్."

"దేవుడా!" ఆయన గేటు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "ఆడపిల్ల, డింప్నా. మనకు ఆడపిల్ల పుట్టింది."

ఆడపిల్ల! ఆ ఒక్క మాట కోసం యవ్వనమంతా, నడివయసంతా, జుట్టంతా నెరిసేదాకా ఎదురుచూసిన తల్లి, ఆ మాట చెవిన పడగానే పసిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది!

"రా" అని చెయ్యి చాచాడాయన. ఆడవాళ్ళు కదలకుండా దారిలోనే ఉండిపోయారు. భార్యాభర్తలు, వెనక ఓర్లా, తడిగడ్డిలో నడిచారు. ముళ్ళచెట్టుకు అవతల, బావి నీళ్ళు పారే చిన్న కాలువ పక్కన, మనిషి మోయగలిగినంత తెల్లటి రాయి ఒకటి గడ్డిలో సగం కూరుకుని ఉంది. ఫింటన్ దాని ముందు ఆగి టోపీ తీశాడు.

"అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. అలాగే పూడ్చడానికి నాకు మనసొప్పలేదు. పెళ్ళికి కుట్టించుకున్న కోటు ఉంది చూడు, ఆ కోటులో చుట్టి ఇక్కడికి తెచ్చాను. ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు గదా... బ్రిజిడమ్మ పక్కనైతే చలి వెయ్యదనుకున్నాను. ఆ బావి నీళ్ళే తల మీద పోశాను. ఫాదర్ గారైతే చెల్లదనేవారేమో. నేను పోశాను. ఇక్కడ కార్లు తిప్పుతారంటే నాకు... నేనేం చెయ్యను డింప్నా!"

డింప్నా మోకాళ్ళ మీద కూలబడి ఆ రాయిని రెండు చేతులా పట్టుకుంది. "జుట్టుందా?"

"ఉంది. నల్లగా. నీకన్నా ఒత్తుగా."

"మరి ముఖం? ముఖం ఎలా ఉంది?"

"నిద్రపోతున్నట్టు... కోపంగా నిద్రపోతున్నట్టు ఉంది. మా పెగ్ పడుకుంటే ఉంటుందే, అలా."

ఆమె కన్నీళ్ళలోనే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "నీళ్ళు పోసినప్పుడు పేరు పెట్టావా?"

ఫింటన్ చేతిలో టోపీ నలుపుతూ ఉండిపోయాడు.

"నువ్వూ దక్కవని డాక్టరు చెప్పాడు ఆ రోజు. నాకేం తోచలేదు. ఇంకే పేరూ నోటికి రాలేదు... డింప్నా అని పెట్టాను. నువ్వు బతికి ఇంటికొచ్చావు. తర్వాత నిన్ను ఎప్పుడు పిలిచినా, భోజనానికి పిలిచినా, దూడను పట్టుకోమని పిలిచినా... దాన్నీ పిలిచినట్టే ఉండేది నాకు."

ఇన్నేళ్ళు ఈ మనిషి రాయి అనుకుంది తను! పక్కనే పడుకుని, ఒకే దుఃఖాన్ని రెండు ముక్కలు చేసుకుని, ఎవరి ముక్క వాళ్ళు దాచుకున్నారు! ఆమె చెయ్యి చాచి ఆయన్ను కిందికి లాగింది. ఆ ముసలి మోకాళ్ళు కూడా తడిగడ్డిలో ఆనాయి.

ఓర్లా తల్లి పక్కన కూర్చుని, తెల్లరాయి మీద చెయ్యి వేసి, "అక్కా..." అంది మెల్లగా.

ఆదివారం మధ్యాహ్నానికి వాన వెలిసింది. ఆడవాళ్ళు బావి చుట్టూ ప్రదక్షిణం చేసి, అమ్మవారికి పాలు పోసి, పాటలు పాడుకుని, ఒక్కొక్కరుగా డింప్నాను కౌగిలించుకుని వెళ్ళిపోయారు. ఓర్లా హాలు ఊడవడానికి పోయింది. డింప్నా మాత్రం రాయి దగ్గర నుంచి కదల్లేదు. ఇక్కడికి ఎన్ని ఉత్తరపు గాలులు వీచి ఉంటాయో... ఎన్నిసార్లు ఈ కాలువ దాటి తను ఆవుల కోసం పోయిందో... ఒక్కసారైనా ఇక్కడ ఆగలేదే!

ఫింటన్ ఇంట్లోంచి వంటింటి కుర్చీ మోసుకుంటూ వచ్చాడు. గడ్డిలో నాలుగు కాళ్ళూ సరిగ్గా ఆనేలా అదిమి, "కూర్చో. మోకాళ్ళు పోతాయి" అన్నాడు. ఆమె కూర్చుంది. ఆయన టోపీ పెట్టుకుని, పక్కనే, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఇంట్లో ఇంకో కుర్చీ లేదా ఏం?" అంది డింప్నా, ఆయన వైపు చూడకుండా. "నువ్వూ ఒకటి తెచ్చుకో."