తొమ్మిదో తరగతి గోడ

అమ్మాయి కనపడకుండా పోయి మూడు గంటలైంది.

ఇన్‌స్పెక్టర్ తొమ్మిదో తరగతి గదిలో అడుగుపెట్టేసరికి 2.20. మూడో బెంచీ మీద నీలం సంచి. దాని పక్కన తల్లి. తల్లి గుప్పిట్లో ఇన్‌హేలర్.

"ఇది లేకుండా పక్క వీధికైనా వెళ్ళదండీ. ఆయాసం మొదలైందంటే..." తల్లి మిగతా మాట మింగేసింది.

ఇన్‌స్పెక్టర్ చూపు తిప్పుకుంది. పదిహేనేళ్ళ సర్వీసులో శవాలకు జడవలేదు ఆమె. ఆమెకు భయం ఇలాంటి వస్తువులంటేనే. మనిషి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయే వస్తువులు.

ఆధారం ఒక్కటే. 11.40కి పుస్తకాల వ్యాన్ వచ్చింది. గేటు నాలుగు నిమిషాలు బార్లా తెరిచి ఉంది. రెండు జీపులు ఆ వ్యాన్ వెంట పడ్డాయి.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"11.20కి మేడమ్. బాత్రూంకని వెళ్ళింది. ట్యాబ్ చేతిలోనే ఉంది," అంది సైన్సు టీచర్.

"ఏడుస్తూ వెళ్ళిందా?"

"అవునండీ. దీనివల్లే," అంది టీచర్.

గోడకున్న పెద్ద తెరను చూపించింది. పిల్లలు తమ ట్యాబ్‌లలో చీటీలు రాస్తే అన్నీ ఆ తెర మీద అతుక్కుంటాయి. అందరి ట్యాబ్‌లలోనూ కనపడతాయి. పేరు రాయనక్కర్లేదు. నోరు విప్పని పిల్లలు కూడా ఏదో ఒకటి అడుగుతారని టీచర్ పెట్టిన ఆన్‌లైన్ బోర్డు అది. పిల్లలు దాన్ని 'గోడ' అంటారు.

కనపడకుండా పోయిన ఈ అమ్మాయీ నోరు విప్పని పిల్లే. ఆమెను వాళ్ళు 'మ్యూట్' అంటారు.

11.15కి గోడ మీద ఒక చీటీ వెలిసింది: 'మ్యూట్‌కి ఇంట్లో ఛార్జింగ్ పెట్టరా?'

క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది.

"ఎవరు రాశారు?"

"పేరు లేదు కదండీ. వెంటనే తీసేశాను. మళ్ళీ అలాంటి చెత్త రాకుండా సెట్టింగ్స్ కూడా మార్చాను."

"ఆ ట్యాబ్‌తో ఫోన్ చేయొచ్చా?"

"కుదరదు. బడి వైఫైలో ఈ గోడ తెరుచుకుంటుంది. అంతే."

"గోడ మీద ఏమైనా రాసిందా?"

"లేదండీ. అప్పట్నించీ రెప్ప వాల్చకుండా చూస్తున్నాను."

ఇన్‌స్పెక్టర్ అటెండర్ వైపు తిరిగింది. "గదులన్నీ వెతికారా?"

"మేడ మీద ట్యాంకు మూత కూడా తీసి చూశానమ్మా."

"అన్ని గదులూ?"

"తాళాలు వేసినవి తప్ప. తాళం వేసిన గదిలో ఎవరుంటారు చెప్పండి!"

2.31.

తెర మీద పొద్దుటి చీటీలు పది ఉన్నాయి. ఆఖరిది 11.12కి. ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ ఇన్‌స్పెక్టర్ కంట్లో నలుసులా మెదిలింది.

"11.20 తర్వాత పాఠం ఆపేశారా?"

"లేదు. కణం మీద ప్రశ్నలు రాయమన్నాను. ఒక్కరూ రాయలేదు. ఆ చీటీ గురించి తిట్టానని మూతులు ముడుచుకున్నారు."

"అన్యాయం టీచర్!" ముందు బెంచీలో ఒక పిల్ల లేచింది. క్లాసులో ఆమెను వాగుడుకాయ అంటారు. "నేను రెండు రాశా. కావాలంటే చూడండి, నా ట్యాబ్‌లో ఉన్నాయిగా!"

"నాదీ ఉంది."

"నాదీ."

"మరి పెద్ద తెర మీద లేవేం?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"నెట్ నత్తనడక అనుకున్నామండీ. ఇంతలో లంచ్ బెల్ కొట్టారు."

ఇన్‌స్పెక్టర్ ఒక పిల్ల ట్యాబ్ అందుకుని పెద్ద తెరతో పోల్చి చూసింది. రాసినవాళ్ళకు కనపడుతున్నాయి. ఇంకెవరికీ కనపడటం లేదు.

"టీచర్‌గారూ, మీరు మార్చిన సెట్టింగ్ తెరవండి. త్వరగా."

టీచర్ తెరిచింది. 'టీచర్ అనుమతించాకే చీటీలు అందరికీ కనపడాలి.' ఆ వాక్యం పక్కన టిక్కు ఉంది. తెర మూలన గంట బొమ్మ. దాని మీద చిన్న అంకె. 37.

"ఇదేమిటి?"

"ఏవో కంపెనీ ప్రకటనలనుకుని... నేనెప్పుడూ..."

ఇన్‌స్పెక్టర్ దాన్ని నొక్కింది. ముప్పై రెండు చీటీలు కణం గురించి. మిగిలినవి ఐదు.

11.48: రికార్డింగ్ రూంలో ఉన్నాను. బయట తాళం పడింది. ఎవరైనా రండి.

11.56: తలుపు కొడుతున్నాను.

12.20: జోక్ కాదు. ఆయాసం వస్తోంది.

12.50: చదువుతున్నారు కదా. టీచర్‌కైనా చెప్పండి.

1.35: సరే. అర్థమైంది. ఇక అడగను.

ఆ తర్వాత గంటసేపు ఏమీ లేదు.

"అయ్యో దేవుడా!" అటెండర్ తల పట్టుకున్నాడు. "11.45కి నేనే తాళం వేశాను. లైటు లేదు, ఖాళీ అనుకున్నా..."

అప్పటికే ఇన్‌స్పెక్టర్ పరిగెడుతోంది.

పాఠాలు రికార్డు చేసే ఆ గది వరండా చివర ఉంది. గోడల నిండా మందపాటి స్పాంజి. లోపల అరిచి చచ్చినా బయటికి చిన్న చప్పుడైనా వినపడదు. అటెండర్ చేతిలో తాళంచెవి రంధ్రంలో దూరటం లేదు. ఇన్‌స్పెక్టర్ లాక్కుని తిప్పింది. తనకెప్పుడూ లేని మొక్కొకటి మనసులో మొక్కుకుంది.

2.38. తలుపు తెరుచుకుంది.

మూలన, పరదా వెనక, మోకాళ్ళ మీద ట్యాబ్ పెట్టుకుని కూర్చుంది అమ్మాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ప్రాణం ఉంది.

తల్లి ఒక్క ఉరుకున వెళ్ళింది. ఒకసారి మందు. ఆగి, ఇంకోసారి. ఈల లాంటి ఊపిరి మెల్లగా మెత్తబడింది. బయట ఎవరో అంబులెన్స్‌కు ఫోన్ చేస్తున్నారు.

అమ్మాయి తల్లి భుజం మీదుగా గుమ్మంవైపు చూసింది. క్లాసంతా అక్కడే గుమిగూడింది. వాళ్ళను చూడగానే ఆమె ఇంకా మూలకు ఒదిగింది. ఇన్‌స్పెక్టర్‌కు అప్పుడు అర్థమైంది, ఈ పిల్ల మూడు గంటలు భయపడింది చీకటికి కాదు.

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీ చీటీలు ఎవ్వరూ చదవలేదమ్మా. టీచర్ పొరపాటున ఒక సెట్టింగ్ మార్చారు. ఆవిడ ఒప్పుకుంటేగానీ చీటీ ఇంకొకరికి కనపడదు. రాసినవాళ్ళకు మాత్రం తమది కనపడుతుంది. అందరూ చూసి ఊరుకున్నారని నువ్వు అనుకున్నావు. నిజంగా ఎవరూ చూడలేదు. ఒట్టు."

అమ్మాయి ట్యాబ్‌లో తన చీటీల వైపు చూసింది. తర్వాత, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"అయితే... ఆ మొదటి చీటీ... అందరూ చదివారు కదండీ?"

 గుమ్మంలో ఎవరో వెక్కివెక్కి ఏడవటం మొదలుపెట్టారు. అది ఎవరో చూడటానికి ఇన్‌స్పెక్టర్ తల తిప్పలేదు.

అమ్మాయే చూసింది.