రెండో చీటీ

“ఇక మాటల్లేవు! చీటీలు వేద్దాం. పిల్ల చేతే తీయిద్దాం. ఏది వస్తే ఆ బడి!” అంటూ అల్లుడు నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చర్రున చించాడు.

వంటింట్లో గిన్నెలు బోర్లిస్తున్న అత్తగారి చేతిలోంచి మూత జారిపోయింది. అది గిరగిరా తిరిగి తిరిగి ఎప్పటికో గానీ ఆగలేదు. ఆవిడ దాన్ని తీయడానికి కూడా వంగలేదు. చీటీలు... మళ్ళీ చీటీలా! ఇరవై ఏడేళ్ళుగా ఏ మాట వింటే గుండె జారిపోతుందో ఆ మాటే, అదీ కూతురింట్లో, ఆదివారం పూట అందరూ హాయిగా ఉండాల్సిన వేళ!

గొడవంతా ఐదేళ్ళ మనవరాలి గురించి. నోరు మూతపడదు గనక ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అంటారు. దాని తల్లి, అంటే ఈవిడ కూతురు, వీధి చివరి గవర్నమెంటు బడిలో టీచరు. తను చదువుకున్నదీ ఆ బడిలోనే. పిల్లలు ముప్పై మందికి తగ్గిన బళ్ళని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేయాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. ఉన్నది ఇరవై ఆరుగురు! మిట్టమధ్యాహ్నం ఎండలో ఇల్లిల్లూ తిరిగి “మీ పిల్లల్ని పంపండమ్మా” అని బతిమాలుతుంటే, ఒకావిడ తలుపు సగమే తెరిచి, “మీ పాపని ఎక్కడ వేస్తున్నారు టీచరమ్మా?” అని నవ్విందట. ఆ పూట కూతురు ఇంటికొచ్చి అన్నం కెలికి వదిలేసింది.

అల్లుడేమో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎవరెవరినో పై అంతస్తులకి చేర్చి, తాను సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగొచ్చే మనిషి. పిచ్చుకని ప్రైవేటు బడిలో వెయ్యాలని ఆ మాత్రం ఆశ ఉండదా మరి? ఆయన్నీ తప్పుపట్టలేం.

“నీ బడి నిలబెట్టుకోడానికి నీకు నా కూతురే దొరికిందా?” అన్నాడాయన, కాగితం రెండు ముక్కలు చేస్తూ.

“నా కూతురికి పనికిరాని బడికి పక్కింటి పిల్లని రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగనండీ?” అంది కూతురు.

ఆయన చీటీలు రాసి, మడిచి, రెండూ స్టీలు గ్లాసులో వేశాడు. “నేను తీస్తా, నేను తీస్తా!” అని పిచ్చుక గెంతుతోంది. అది చెయ్యి పెట్టబోయేంతలో అమ్మమ్మ పరుగున వచ్చి గ్లాసు మీద అరచెయ్యి మూసేసింది.

“వద్దు బాబూ... నీకు దణ్ణం పెడతాను! ఈ పిల్ల చేత చీటీ తీయించొద్దు!”

అందరూ నిర్ఘాంతపోయారు. ఆవిడ రెండు చీటీలూ తీసి విప్పింది. ఒకదాని మీద ‘ప్రైవేటు’. ఇంకోదాని మీద ‘గవర్నమెంటు’. అల్లుడు నిజాయితీగా రాశాడు! పిల్ల ప్రైవేటు బడికే వెళ్ళాలని అంతగా తపించిపోయే మనిషి కూడా నిజాయితీగా రాశాడు... అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది ఆ తల్లి.

“అత్తయ్యా! ఏమైంది? నేనేమన్నా తప్పు మాట్లాడానా?” అల్లుడు గాభరాగా పక్కన కూర్చున్నాడు.

“తప్పు చేసింది నేను బాబూ. దీనికి... నా పెద్దదానికి ద్రోహం చేశాను!”

కవల పిల్లలు ఆవిడకి. పది నిమిషాల తేడాతో పుట్టిన పెద్దది, చిన్నది. భర్త కాగితం మిల్లులో పనిచేసేవాడు. మిల్లు వాళ్ళ ప్రైవేటు బడిలో ఉద్యోగి ఇంటికి ఒక్క సీటు, ఒకే ఒక్కటి! “ఇద్దరూ నాకు రెండు కళ్ళు, ఏ కంటిని వద్దననే?” అని ఆయన తల పట్టుకున్నాడు. చివరికి చీటీలు వేద్దామన్నాడు. రాసింది ఈవిడ. చిన్నది పుట్టుకతోనే నలతగా ఉండేది. మూడేళ్ళు దాటినా మాట రాలేదు, గట్టిగా గంట కొడితే జడుసుకునేది. యాభై మంది తోసుకునే గదిలో అది ఎలా బతుకుతుంది? పెద్దది అలా కాదు, ఎక్కడ పడేసినా చదువుకుంటుంది... అలా అనుకుని, రెండు చీటీల మీదా చిన్నదాని పేరే రాసింది. ఆ చీటీ తీసింది ఎవరో కాదు, పెద్దదే! చెల్లి పేరు తానే గట్టిగా చదివి, ఏడవకుండా వెళ్ళి చెల్లిని ముద్దు పెట్టుకుంది.

ఇంతా చేస్తే చిన్నదానికి ఆ బడిలో చదువు అబ్బిందా అంటే, అదీ లేదు. పదేళ్ళు వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ గడిపి, ఇప్పుడు ఫొటో స్టూడియో పెట్టుకుని తన మానాన తాను బతుకుతోంది.

“నువ్వు ఎక్కడైనా చదువుకుంటావని రెండిట్లోనూ దాని పేరే రాశానే తల్లీ! నీ అదృష్టం బాగోలేదని అందరితో అన్నాను. మీ నాన్న పోయేదాకా ఆయనకీ చెప్పలేదు...”

కూతురు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో ఆశ్చర్యం లేదు, కోపమూ లేదు. నెమ్మదిగా అంది.

“నాకు తెలుసమ్మా.”

“ఆఁ!”

“ఆ రోజే తెలుసు. అప్పటికే నాన్న పేపరు కూడబలుక్కుని చదివేదాన్ని కదా. మిగిలిన చీటీతో పడవ చేసుకుందామని తీశాను. విప్పి చూస్తే... చెల్లి పేరే.”

“తెలిసి ఇన్నేళ్ళూ... ఒక్కసారి అడగొచ్చు కదే నన్ను!”

“అడిగితే నిజం చెప్తావేమోనని భయమేసింది. నేనంటే ఇష్టం లేదని చెప్తావేమోనని!” ఇప్పుడు కట్ట తెగినట్టు వచ్చాయి ఆమెకి కన్నీళ్ళు. “నేను ఎక్కడైనా చదువుకుంటానని రాశావా అమ్మా? ఆ ముక్క ఆ రోజే చెప్పి ఉంటే సంతోషంగా వెళ్ళేదాన్ని కదా... బడి మంచిదే. మా పంతులుగారు నన్ను కూతురిలా చూసుకున్నారు. కానీ నాలుగింటికి గంట కొట్టగానే గేటు వైపు చూసేదాన్ని. ఒక్కరోజైనా నువ్వొస్తావేమోనని!”

చిన్నదాని బస్సు కూడా నాలుగింటికే వచ్చేది. తల్లి ఎప్పుడూ ఆ బస్సు దగ్గరే ఉండేది.

పిచ్చుక ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసింది. అల్లుడు లేచి, చీటీలు రెండూ నలిపి కిటికీలోంచి పడేశాడు. “ఒక ఏడాది చూద్దాం. నీ బడిలోనే వెయ్యి,” అన్నాడు భార్యతో, ఎటో చూస్తూ. బడి నిలుస్తుందన్న నమ్మకం ఆయనకి ఇప్పటికీ లేదు. భార్యని ఇంకోసారి ఓడించడానికి మాత్రం మనసు రాలేదు.

సోమవారం పిచ్చుక చెయ్యి పట్టుకుని అమ్మమ్మే ఆ గేటు దాటింది. కూతురు ఐదేళ్ళు చదివి, పదేళ్ళుగా పాఠాలు చెబుతున్న బడిలో ఆవిడ అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఆఫీసు గదిలో కూతురు రిజిస్టరు తీసి, సంరక్షకుల గడి చూపించింది. ఆవిడ పేరంతా పొడుగ్గా, పొందిగ్గా రాసి సంతకం పెట్టింది.

“నీదీ... నీ పేజీ ఉందా?” అని అడిగింది బెరుకుగా.

బీరువా అడుగు నుంచి అట్ట ఊడిన పుస్తకం వచ్చింది. ఆ గడిలో ఊదారంగు వేలిముద్ర, పక్కనే ‘పొరుగింటావిడ, ఇస్త్రీ పని’. అవును... ఆ రోజు తాను చిన్నదానికి కొత్త బూట్లు తొడిగే హడావిడిలో ఉంది. పెద్దదాన్ని పక్కింటి ఇస్త్రీ ఆవిడ తన పిల్లలతో పాటు తీసుకెళ్ళింది. ఆ వేలిముద్రని ఆవిడ మెల్లగా తడిమింది. మళ్ళీ కలం అందుకుంది.

“ఈ పక్కన ఇంత చోటుంది కదే... ఇక్కడ నేనూ ఒక సంతకం పెట్టనా?”

కూతురు ఆ కలం మెత్తగా తీసుకుని మూత పెట్టింది.

“పాత పేజీలో ఇప్పుడు ఎవరూ ఏమీ రాయకూడదమ్మా. అది రూలు.”

గంట కొట్టారు. పిచ్చుకని వెంటబెట్టుకుని తరగతికి వెళ్ళబోతూ కూతురు గుమ్మంలో ఆగింది.

“నాలుగింటికి వదులుతాం. వస్తావుగా?”

ఆవిడ తల ఊపింది. మూడింటికే వచ్చి గేటు దగ్గర నిలబడింది.